పోయినేటి పెట్రోలు

"పాత పెట్రోలు పేలిపోతే ఎట్లరా ఉదయ్? ఏడాది పొడుగునా రేకుల కింద ఉడికిందంటివి. అది ఊరికే ఉంటాదా?"

అంజనమ్మ ఈ మాట రాట్నం తిప్పుతూనే అంది. కండె మీదికి ఎర్రటి పట్టుపోగు చుట్టుకుంటోంది. గడప మీద కూచుని బూట్లు వేసుకుంటున్న కొడుకు తలెత్తకుండానే నవ్వాడు.

"పేలదు మా. అసలు అంటుకోదేమోనని నా భయం."

"అంటుకోకుంటే మంచిదే గదా!"

"ఇంజన్లో అంటుకోకుంటే మంచిదెట్లయితాది? రేపు పెనుకొండలో పెండ్లి. కరెంటు పోయిందంటే లైట్లు, మైకు, వీడియో అంతా ఆ జనరేటరు మీదనే."

ఉదయ్ కుమార్ ధర్మవరం నుంచి హిందూపురం పోయి చంద్రమోహన్ అనే ఆయన దగ్గర పని చేస్తాడు. పెళ్ళిళ్ళకు, జాతరలకు లైట్లు, మైకులు, జనరేటర్లు బాడుగకిచ్చే వ్యాపారం ఆయనది. పోయినేడు బంకులు మూసేస్తారని ఒక పుకారు లేస్తే, చంద్రమోహన్ క్యాన్ల నిండా పెట్రోలు కొని గోడౌన్లో దాచుకున్నాడు. బంకులు మూయలేదు. క్యాన్లు అట్లనే ఉండిపోయాయి. ఇప్పుడు శ్రావణం పెళ్ళిళ్ళకు వాటినే వాడమంటున్నాడు.

"మూత తీస్తే పెట్రోలు వాసనే ల్యా మా, పాత వార్నీషు కొడతాండాది. 'అన్నా, ఇది చెడిపోయినట్టుండాది' అంటే, 'పెట్రోలేమన్నా దోసెపిండేమప్పా పులిసేదానికి' అని అందరి ముందరా నవ్వినాడు."

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న ఉదయ్ తండ్రి మార్కండేయులు, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపకుండానే అన్నాడు. "నువ్వేం చెప్పినా మీ అమ్మకు పేలిన సప్పుడే ఇనపడతాది. పోప్పా, నీకు బస్సు టైమైతాది."

ఆయన అన్నది అబద్ధమేం కాదు. ఆ పొద్దంతా అంజనమ్మ చెవుల్లో ఆ చప్పుడే. కొడుకు చెప్పిన తక్కిన మాట, అదే అసలు మాట, ఆ చప్పుడు కింద పడి ఎక్కడో నలిగిపోయింది. గ్యాసు పొయ్యి వెలిగించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునే మనిషి ఆమె. కొడుకు ఫోను ఎత్తకపోతే ఆస్పత్రి మంచాలు కళ్ళ ముందుకొస్తాయి. వాణ్ణి పెంచినన్నాళ్ళూ భయపడుతూనే పెంచింది. తాను భయపడింది కాబట్టే వాడికేమీ కాలేదని ఆమె నమ్మకం.

మరునాడు మధ్యాహ్నం పక్కింటి పద్మజ వచ్చింది. పద్మజ చెల్లెలి అత్తగారిది పెనుకొండే, ఆ పెళ్ళికే పోయి అప్పుడే దిగింది. కట్టుకున్న పట్టుచీర మార్చలేదు, తలలో పూలు వాడిపోయి ఉన్నాయి. వచ్చీ రాగానే గోడకు చేరగిలబడి కూచుని, "వదినా, నీకేమీ తెలీదా?" అంది.

"ఏమయింది? కాలిందా? వానికేమన్నా అయిందా?"

"కాల్లేదు, ఏంల్యా. నీ కొడుకు బాగనే ఉండాడు. బాగుండాడంటే..." పద్మజ చెంగుతో మెడ తుడుచుకుంది. "సరిగ్గా ముహూర్తానికి కరెంటు పాయె. మబ్బు పట్టి హాలంతా గుడ్డి చీకటి. మీ వాడు జనరేటరు తాడు లాగినాడు, లాగినాడు. రెండు దగ్గులు దగ్గింది, ఆగిపాయె. ఇంగ తాళి కట్టిచ్చింది అందరూ ఫోన్లు పట్టుకున్న ఎలుతురులోనే. వీడియోలో తలకాయలే గానీ మొగాలు పడలేదంట. పెండ్లికూతురు నాయన ఊరుకుంటాడా? ఓనరును పిలిపిచ్చి నానా మాటలన్నాడు. ఆయన వచ్చి ట్యాంకు ఇప్పిస్తే అడుగున నీళ్ళంట!"

"నీళ్ళా?"

"నీళ్ళే వదినా. 'నేనిచ్చిన పెట్రోలు అమ్ముకుని నీళ్ళు కలిపినాడు' అని అందరి ముందరా చెంప పగలగొట్టినాడు. పోలీసు కేసు పెడతానంటాండాడు." పద్మజ గొంతు తగ్గించింది. "మన పిల్లోడు అట్లాంటోడు కాదులే. కానీ సావాసాలు ఎట్లుంటాయో మనకేం తెల్సు?"

పద్మజ లేచిపోయాక అంజనమ్మకు గడప మీద బూట్లు వేసుకుంటున్న కొడుకు కనబడ్డాడు. కొత్త బూట్లు. పోయిన వారమే కొన్నాడు. ఎట్ల కొన్నావురా అని తాను అడగలేదు. తెగిన పోగు అతకకుండానే రాట్నం పక్కకు జరిపి లేచింది.

ఉదయ్ మాపటేలకు వచ్చాడు. ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో నీళ్ళ బాటిల్. దాన్ని మగ్గం గదిలో కిటికీ మూలన జాగ్రత్తగా నిలబెట్టాడు.

"దీన్ని ఎవురూ ముట్టుకోవద్దండి. ఆ జనరేటరు ట్యాంకులోది పట్టుకొచ్చినా. కొండయ్య మేస్త్రీ కొత్తచెరువు పోయినాడంట. రేపు వస్తాడు. ఆయన చూడాల."

కొండయ్యకు రైలు స్టేషను దగ్గర ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. చంద్రమోహన్ జనరేటర్లన్నీ ఆయన చేతికే వస్తాయి. ఇంజను సంగతిలో ఆయన ఒక మాటన్నాడంటే చంద్రమోహన్ ఎదురు చెప్పడు.

"అన్నం తిందువు రా," అంది అంజనమ్మ.

"వద్దు మా."

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంజనమ్మ తలాపున నిలబడింది. దుప్పటి సర్దింది, మళ్ళీ సర్దింది. నువ్వు అమ్మినావారా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. కాదంటే తాను నమ్మలేనేమోనని అంతకన్నా భయం.

తెల్లవారి వాడు కొండయ్య కోసం షెడ్డు దగ్గరికి పోయాడు. మార్కండేయులు జరీ తెచ్చుకోవడానికి షావుకారి ఇంటికి పోయాడు. ఇల్లు ఊడుస్తూ మగ్గం గదిలోకి వచ్చిన అంజనమ్మకు గుప్పున వాసన కొట్టింది.

ఆ ఇంట్లో పట్టు తర్వాతే మనుషులు. తిరగమాత వేసేటప్పుడు మగ్గం గది తలుపు మూస్తారు. ఎండుచేపలు గడప తొక్కవు. అగరుబత్తిని కూడా దేవుడికి చూపించి వాకిట్లో గుచ్చుతారు. పట్టుకు ఒకసారి వాసన పట్టిందంటే వదలదు. షావుకారు చీరను చేతిలోకి తీసుకోగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, తర్వాతే అంచు చూస్తాడు. మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర ఉంది. అంజనమ్మ వంగి పడుగు మీద ముక్కు ఆనించింది. వాసన పట్టిందా, తన భయమే అట్లా కొడుతోందా, ఆమెకు తేలలేదు.

తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో బాటిల్ మెడ పట్టుకుని పెరట్లోకి తెచ్చింది. వెలుతురుకు ఎత్తి చూసింది. పైనంతా టీ డికాషను రంగు. అడుగున మాత్రం వేలెడు మందాన, బియ్యం కడిగిన కడుగు లాంటి నీళ్ళు.

నీళ్ళే. పద్మజ చెప్పిన నీళ్ళే.

తిక్కనాకొడుకు, చేసిందీ కాక దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు! పోలీసులు వచ్చి గది వెతికితే? మేస్త్రీ చూసి అవును నీళ్ళే అంటే? ఆమె వెనకా ముందూ చూసి బాటిల్ కాలువలో వంచేసింది. నల్లటి మురికి నీటి మీద రంగులు రంగులుగా తేలి మెల్లగా సాగిపోయింది. బాటిల్లో సబ్బుపొడి వేసి కుదిపింది, బూడిద వేసి కుదిపింది, ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ కడిగింది. చెత్తబండి వస్తే తన చేత్తోనే అందులో వేసింది.

తర్వాత ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున మార్కండేయులు తన కోసమని నేసుకున్న పట్టు ఉత్తరీయం ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని, తాళంచెవి పద్మజకిచ్చి, ఆస్పత్రికి పోతున్నానని చెప్పి ప్యాసింజరు రైలెక్కింది. పెనుకొండలో జనం ఎక్కుతుంటే చెంగు మొహం మీదికి లాక్కుంది. వాళ్ళలో ఎవరైనా పెళ్ళికి వచ్చినవాళ్ళుంటే తనను ఎట్ల గుర్తుపడతారనే ఆలోచన రాలేదు. రైలు ఎర్రమంచి దాటేదాకా ఆ చెంగు తీయలేదు.

హిందూపురంలో అడుగుతూ అడుగుతూ అంగడి చేరింది. ముందు అంగడి, వెనక రేకుల గోడౌన్. బల్ల వెనక చంద్రమోహన్, పక్కన ఆయన భార్య కస్తూరి, ఎదురుగా జాతరకు లైట్లు మాట్లాడుకోవడానికి వచ్చిన మనుషులు. ఒక పక్కన రంగప్ప అనే ముసలి పనివాడు వైర్లు చుట్టలు చుడుతున్నాడు.

"సామీ, నేను ఉదయ్ తల్లిని." బల్ల చుట్టూ తిరిగి పోయి ఆయన కాళ్ళు పట్టుకుంది. "సిన్నోడు సామీ. బుద్ధి లేక చేసినాడు. కేసు పెట్టొద్దండి. మీ కడుపున పుట్టినోడనుకోండి."

చంద్రమోహన్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆయన మొహంలో మొదట కనబడింది కోపం కాదు, దిక్కు తోచనితనం. రంగప్ప వైపు చూశాడు. రంగప్ప వైరు చుట్టడం ఆపి, మళ్ళీ చుట్టసాగాడు.

"లేమ్మా, లే. ఏం చేసినాడు మీ వాడు?" ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది.

"మీరన్నదే సామీ."

"నేనన్నది కాదమ్మా. నువ్వు చెప్పు."

"పెట్రోలు... అమ్ముకున్నాడు. నీళ్ళు కలిపినాడు."

లైట్లకు వచ్చినవాళ్ళు మాటలు ఆపేశారు. చంద్రమోహన్ కుర్చీలో వెనక్కి వాలి, ఫోను తీసి నంబరు నొక్కి బల్ల మీద పెట్టాడు. "అన్నా, నేను చంద్రమోహన్ని. పెట్రోలు చెడిపోయింది పెట్టినావని నన్నంటిరి గదా? ఆ పిల్లోని తల్లే వచ్చింది. ఆమె నోటితోనే ఇనండి. చెప్పమ్మా, ఫోన్లో ఉండేది పెండ్లికూతురు నాయన."

అంజనమ్మ ఫోను వైపు వంగి చేతులు జోడించి, అదే మాట మళ్ళీ చెప్పింది.

ఆ తర్వాత చంద్రమోహన్ చాలా మంచివాడయిపోయాడు. కస్తూరి చేత కాఫీ ఇప్పించాడు. ఆమె సంచిలోంచి తీసిచ్చిన ఉత్తరీయం అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "మీ ఆయన నేసిందా? ఏం పనితనమమ్మా!" అని భుజాన వేసుకున్నాడు. "కేసూ గీసూ ఏం వద్దు. సోమవారం పనికి పంపించు. పిల్లోడన్నాక తప్పు చేస్తాడు. నేనేమన్నా రాక్షసున్నా?"

"మీ కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంటా సామీ," అంది అంజనమ్మ.

మెట్టు మీద కూచుని కాఫీ తాగుతుంటే లోపల ఆయన రంగప్పకు చెప్పడం వినబడింది. "మిగిలిన క్యాన్లు ఈ పొద్దే ఊరి బయట పారబోసి రా. ఒక్కటీ ఉండకూడదు."

రంగప్ప ఒక క్యాను మోసుకుంటూ ఆమె పక్కనుంచే పోయి బండిలో పెట్టాడు. ఇంకొకటి తెచ్చాడు. తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు, ఎండకు పసుపెక్కి పొట్టలు ఉబ్బి ఉన్నాయి. మూతలకు చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది, దాని మీద ఏడాది దుమ్ము. ఎవరూ విప్పిన జాడ లేదు. వెలుతురుకు లోపలిదంతా కనబడుతోంది. పైన డికాషను రంగు. అడుగున వేలెడు మందాన కడుగునీళ్ళు. బండిలో పెడుతుంటే ఒక క్యాను పగులులోంచి నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి.

అదే వాసన. పాత వార్నీషు.

గడప మీద కూచుని కొడుకు అన్న మాట అప్పుడు వినబడింది ఆమెకు. పేలదు మా. అసలు అంటుకోదేమోనని నా భయం.

రంగప్ప ఆమె వైపు చూడకుండా తాడు బిగిస్తూ, "మీ వాడే చెప్పినాడా అమ్మా, నీళ్ళు కలిపినానని?" అన్నాడు.

అంజనమ్మ కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టేసింది. రంగప్ప మొహం తిప్పుకుని బండెక్కాడు. ఆయనకూ ఆ అంగట్లోనే పని.

ఆమె లేచి లోపలికి పోయింది. "సామీ, ఆ క్యాన్లలో..."

"ఏమిటమ్మా?"

చంద్రమోహన్ భుజం మీద మార్కండేయులు ఉత్తరీయం ఉంది. లైట్లకు వచ్చినవాళ్ళు ఆమె వైపే చూస్తున్నారు. ఇప్పుడు మాట మారిస్తే మళ్ళీ కేసంటాడు. స్టేషను, లాఠీ, ఇంకొక చెంప.

"ఏంల్యా సామీ. కాఫీ బాగుంది," అంది.

ఇంటికొచ్చేసరికి మగ్గం గది తలకిందులై ఉంది. ఉదయ్ బుట్టలు, కండెలు, పాత సంచులు అన్నీ పక్కకు జరిపి వెతుకుతున్నాడు. కొండయ్య వాకిట్లో స్టూలు మీద కూచుని ఉన్నాడు.

"మా, బాటిల్ యాడ?"

"వాసనొస్తాందని పారబోసినా."

ఉదయ్ చేతిలో బుట్ట అట్లనే పట్టుకుని నిలబడ్డాడు. కొండయ్య నాలుక కొరుక్కున్నాడు.

"అదెంత పని చేస్తివమ్మా! దాని కోసమే నేను అన్నం కూడా తినకుండా వస్తి. పెట్రోలు నిలవుండే సరుకు కాదు. ప్లాస్టిక్ క్యాన్లో ఎండకు పెడితే మూడు నాలుగు నెల్లకే సత్తువ పోతాది, బంక మాదిరి అయి ఇంజన్లో అడ్డం పడతాది. ఇప్పటి పెట్రోల్లో స్పిరిటు కలిపి అమ్ముతారు గదా, అది మూత సందుల్లోంచి గాలిలో తేమ పీల్చి అడుగున నీళ్ళు దిగిపోతాది. ఎవురూ కలపాల్సిన పని ల్యా. ఆ రంగు చూసింటే నేనే ఫోన్ చేసి చెప్తాంటి, తప్పు నీదేనన్నా అని."

"ఇప్పుడు చెప్పన్నా," అంది అంజనమ్మ. "నేను హిందూపురం నుంచే వస్తాండా. ఆ క్యాన్లన్నిట్లోనూ నీళ్ళే. నేను చూసినా."

"హిందూపురమా?" అన్నాడు ఉదయ్.

కొండయ్య స్టూలు మీదనుంచి లేచి నేల చూశాడు. "ఓనరు ఇంతకుముందే నాకు ఫోన్ చేసినాడు. నేను నమ్మక ఈ పిల్లోనికి చెప్పలేదు." ఉదయ్ భుజం మీద ఒకసారి చెయ్యేసి తీశాడు. "తల్లే పోయి ఒప్పుకున్నాక, నా మాట ఎవురింటారప్పా?"

ఆయన పోయాడు. మార్కండేయులు గుమ్మం దగ్గర నుంచి లోపలికి వచ్చాడు. తెరిచి ఉన్న ట్రంకుపెట్టె మూత దించబోయి, లోపలికి చూసి ఆగాడు. "నా ఉత్తరీయం యాడ?"

"ఆయనకిచ్చినా," అంది అంజనమ్మ.

మార్కండేయులు మూత దించి, పోయి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూచున్నాడు. ఉదయ్ బుట్టను దాని చోట్లో పెట్టి, చెదిరిన కండెలన్నీ ఒక్కొక్కటే ఏరి అందులో వేశాడు. తల్లి వైపు చూడలేదు.

ఆ పొద్దు నుంచి వాడు ఆమెతో మాట్లాడలేదు. అరిచి ఉంటే బాగుండేది, కంచం విసిరి ఉంటే ఇంకా బాగుండేది. పెట్టింది తింటాడు, కంచం కడిగి పెడతాడు, బయటికి పోతాడు. ధర్మవరంలో తెలిసిన లైటింగ్ షాపుల్లో అన్నింటిలో పని అడిగాడని మార్కండేయులు చెప్పాడు. అంతటా ఒకటే మాట. ఆ పెనుకొండ పిల్లోడివి నువ్వే గదా?

అంజనమ్మ చంద్రమోహన్‌కు ఫోన్ చేసింది. "సామీ, నా కొడుకు ఏమీ చేయలేదు. నేను తెలీక అట్లంటి."

"పదిమంది ముందర నువ్వే గదమ్మా అనింది? నేను గొంతు పట్టుకుని చెప్పిచ్చినానా?" ఆయన గొంతులో కోపం కూడా లేదు. "ఇదంతా ఎందుకు? సోమవారం పంపించు. నేను మరిసిపోయినా, మీరూ మరిసిపోండి."

కొళాయి దగ్గర పద్మజను పట్టుకుని గట్టిగా, నలుగురూ వినేటట్టు చెప్పింది. "నా కొడుకు దొంగ కాదు. ఆ పెట్రోలే పాతది."

"అయ్యో, నేనెప్పుడన్నా అనుకుంటినా?" అంది పద్మజ, బిందె కింద చెయ్యి పెట్టి ఎత్తుతూ. "మరి నువ్వెందుకు ఒప్పుకుంటివి వదినా?" అది ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. వరుసలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆ జవాబు కోసమే బిందెలు పక్కన పెట్టుకుని నిలబడ్డారు.

ఆదివారం వాన తుంపర పడుతోంది. మగ్గం మీద పడుగు పోగులు తెగితే ఉదయ్ తండ్రి ఎదుట కూచుని అతుకుతున్నాడు. చిన్నప్పుడు నేర్చుకున్న పని, వేళ్ళు మరిచిపోలేదు. రెండు కొసలు కలిపి బొటనవేలితో ఒక్క మెలి తిప్పి వదులుతున్నాడు. అంజనమ్మ రాట్నం దగ్గర కూచుంది.

"రేపు పోతావా పనికి?"

వాడు ఇంకొక కొస వెతుక్కున్నాడు.

"పోవద్దులే. ఆయన మొగం మనకొద్దు."

మార్కండేయులు తొక్కుడుపలక తొక్కాడు. పడుగు విచ్చుకుంది, నాడె అటు పోయి ఇటు వచ్చింది.

"లేకుంటే నేనూ వస్తా. ఆ అంగట్లోనే నిలబడి అందరికీ చెప్తా. ఈసారి భయపడను." ఆ మాట అంటూనే వీధి తలుపు వైపు చూసింది. వాడు మెలి తిప్పి పోగు వదిలాడు. చెంప వాపు తగ్గింది గానీ కంటి కింద పచ్చగా మచ్చ మిగిలింది. ఆ మచ్చను ఆమె ఇన్నాళ్ళూ పక్కనుంచే చూసింది, ఎదురుగా చూడలేదు.

రాట్నం ఆపింది. చేతిలోని కండె నేల మీద పెట్టింది. అరచేతులు చీరకు తుడుచుకుంది.

"ఉదయ్. నువ్వు అమ్మినావా ఆ పెట్రోలు?"

మార్కండేయులు చేతిలో నాడె మధ్యలోనే ఆగిపోయింది. "ఏమే, తిక్కా నీకు?" అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

తెలిసిన సంగతే. ఇంట్లో అందరికీ నిజం తెలిశాక, ఊళ్ళో అందరికీ అబద్ధం తెలిశాక, ఆ రాత్రి అడగని మాటను ఇప్పుడు అడుగుతోంది. ఉదయ్ చేతిలోని పోగును వదల్లేదు, అతకనూ లేదు. పక్క వీధిలో ఇంకెవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు వచ్చి, అదీ ఆగింది. వాన కాస్త పెద్దదయి చూరు నుంచి ధారగా పడసాగింది. మార్కండేయులు లేచి కిటికీ రెక్క మూసి, మళ్ళీ వచ్చి కూచున్నాడు. అంజనమ్మ కళ్ళు దించలేదు. వాడు పోగు వదిలి, తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"లేదు మా," అన్నాడు.